కనిపించడం లేదు, గుర్తు తెలియదు: ఈ రెండు కాగితాలు ఎందుకు కలవవు?

పట్టాల పక్కన మృతదేహం. వయసు 40, 45 మధ్య. చామనఛాయ. అయిదున్నర అడుగుల ఎత్తు. తెల్ల చొక్కా, నీలం గళ్ల లుంగీ. ఆచూకీ తెలిసినవారు ఫలానా స్టేషన్‌లో సంప్రదించగలరు. ఇలాంటి నాలుగు లైన్ల వార్త జిల్లా పేజీలో ఏదో ఒక మూల తరచూ కనిపిస్తూనే ఉంటుంది. చాలామంది చూడకుండానే పేజీ తిప్పేస్తారు.

మా ఇంట్లో తిప్పరు. 1991 ఎండాకాలంలో మా పెద్దనాన్న తెనాలి దగ్గర మా ఊరి నుంచి పొద్దున్నే బండెక్కి బెజవాడ వెళ్లారు. సాయంత్రానికి వచ్చేస్తానన్న మనిషి ఇప్పటికీ రాలేదు. అప్పటికి ఆయనకి 42 ఏళ్లు. మూడేళ్లుగా నేనూ, ఆయన కొడుకు, అంటే మా అన్నయ్యా, వీలు చిక్కిన ఆదివారమల్లా పాత పేపర్లు తిరగేస్తున్నాం. మాకు పోలీసు ట్రైనింగ్ లేదు, ల్యాబు లేదు. ప్రపంచంలో మాలాంటి మామూలు మనుషులే ముప్ఫై ఏళ్ల కిందటి, డెబ్భై ఏళ్ల కిందటి అనాథ శవాలు ఎవరివో కనిపెట్టారని చదివాకే మాకు ధైర్యం వచ్చింది. అక్కడ అయిన పని ఇక్కడ ఎందుకు కావడం లేదో అర్థం చేసుకోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. అర్థమైనంత మేరకు ఇక్కడ విడమరచి చెప్తాను.

ఒక మనిషి ఇలా మాయమైతే రెండు కాగితాలు పుట్టాలి. ఒకటి ఇంటి దగ్గర: మా మనిషి కనిపించడం లేదు అని. పోలీసు భాషలో ఇది మ్యాన్ మిస్సింగ్ కేసు. రెండోది శవం దొరికిన చోట: ఎవరో తెలియని మనిషి చనిపోయి ఉన్నాడు అని. ఈ రెండూ ఒకే బల్ల మీదకి వస్తే పేరు దొరికినట్టే. డీఎన్‌ఏ, వేలిముద్రలు, పుర్రెని బట్టి ముఖం గీయడం, ఇవన్నీ ఆ రెండు కాగితాల్నీ కలిపి కుట్టే దారాలు. మన దగ్గర రెండో కాగితం ఎంతో కొంత ఉంటుంది. మొదటిదే చాలాసార్లు పుట్టదు.

మా విషయంలో పుట్టలేదు. నాలుగు రోజులు చుట్టాల ఇళ్లన్నీ వెతికి, అయిదో రోజు మా నాన్న, తాతయ్య ఒక స్టేషన్‌కి వెళ్లారు. "పెద్ద మనిషే కదా, ఎక్కడికి పోతాడు, వస్తాడు" అని పంపించేశారు. ఏమీ రాయలేదు. మావాళ్లూ రాయమని గట్టిగా అడగలేదు. ఊళ్లో పరువు పోతుందన్న భయం ఒకటి, అప్పులవాళ్లకి తెలుస్తుందన్న భయం ఇంకొకటి.

రెండో కాగితం సంగతి వేరు. కాలువలోనో పొలం గట్టు మీదో శవం కనిపిస్తే ఇప్పుడు వీఆర్వో ఫిర్యాదు ఇస్తారు. ఒకప్పుడు ఆ పని మునసబుది. పట్టాల మీదైతే రోజూ పట్టాలు చూసుకుంటూ నడిచే కీమ్యాన్ చూసి స్టేషన్ మాస్టర్‌కి చెప్తాడు, కేసు రైల్వే పోలీసుల దగ్గరికి, అంటే జీఆర్పీకి వెళ్తుంది. పంచాయతీదార్లను పిలిచి శవ పంచనామా రాస్తారు. 2024 జూలై 1కి ముందు ఇది సీఆర్పీసీ 174వ సెక్షన్ కింద జరిగేది. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194 కింద జరుగుతోంది. సెక్షన్ నంబరు మారింది కానీ పద్ధతి దాదాపు అదే. శవం ఎటు తిరిగి ఉంది, ఒంటి మీద ఏమున్నాయి, జేబులో ఏం దొరికింది, పుట్టుమచ్చలు, పచ్చబొట్లు, గాయాలు, అన్నీ రాయాలి. మార్చురీలో మామూలుగా మూడు రోజులు ఉంచుతారు. ఎవరూ రాకపోతే మున్సిపాలిటీ వాళ్లో, స్వచ్ఛంద సేవకులో అంత్యక్రియలు చేసేస్తారు. కొన్ని దేహాలు అనాటమీ చట్టం కింద మెడికల్ కాలేజీలకి వెళ్తాయి. ఆ తర్వాత మిగిలేది కాగితమే. ముప్ఫై ఏళ్ల తర్వాత వెతికేవాడికి ఆ రోజు ఆ హెడ్ కానిస్టేబుల్ ఎంత ఓపిగ్గా రాశాడన్నదే ఆధారం. "ఎడమ చేతికి పచ్చబొట్టు" అని రాసి వదిలేశాడా, ఆ పచ్చబొట్టులో ఏముందో కూడా రాశాడా అన్నంత చిన్న తేడా మీద ఒక కుటుంబం జాతకం ఆధారపడి ఉంటుంది.

అమెరికాలో మామూలు మనిషి చేసిన పనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ కెంటకీ రాష్ట్రంలోది. 1968 మేలో జార్జ్‌టౌన్ దగ్గర, గుడారం గుడ్డలో చుట్టిన ఒక యువతి శవం దొరికింది. పేరు తెలియక టెంట్ గర్ల్ అన్నారు. సమాధి రాయి మీద కూడా అదే చెక్కారు. శవాన్ని మొదట చూసిన మనిషి కూతుర్ని పెళ్లి చేసుకున్న టాడ్ మాథ్యూస్ అనే కుర్రాడు మామగారి నోట ఈ కథ విని వదిలిపెట్టలేకపోయాడు. టెనెసీలో ఫ్యాక్టరీ పని చేసుకుంటూ పదేళ్లు వెతికాడు. 1998లో ఇంటర్నెట్‌లో ఒక ఆవిడ పెట్టిన ప్రకటన ఆయన కంటపడింది. 1967 చివర్లో కనిపించకుండా పోయిన మా అక్క కోసం వెతుకుతున్నాం అని, ఆనవాళ్లు ఇవీ అని అందులో ఉంది. సమాధి తవ్వి డీఎన్‌ఏ పరీక్ష చేస్తే సరిపోయింది.

ఈ కథ చెప్పేవాళ్లు మాథ్యూస్ పట్టుదల గురించి ఎక్కువ చెప్తారు. అది నిజమే. కానీ ముడి విడిపోయింది ఆ తోబుట్టువు ప్రకటన దగ్గర. ముప్ఫై ఏళ్లు ఆలస్యంగానైనా ఆవిడ మొదటి కాగితం రాసింది. అది లేకపోతే ఆయన ఇంకో పదేళ్లు వెతికినా శవం వైపునే తిరుగుతూ ఉండేవాడు. ఇందులో మాకు పనికొచ్చిన సంగతి ఇంకోటి ఉంది. శవాన్ని చూసినప్పుడు వయసు 16 నుంచి 19 ఉంటుందని అంచనా వేశారు. అసలు వయసు 24. చూసి వేసిన వయసు అంతే తప్పుతుంది. అది చదివాక మేం 40 నుంచి 45 అని ఉన్న వార్తలే కాక 30 నుంచి 55 దాకా ఉన్నవన్నీ రాసుకోవడం మొదలుపెట్టాం.

ఆస్ట్రేలియా కథ ఇంకా పాతది. 1948 డిసెంబర్ 1 పొద్దున అడిలైడ్ దగ్గర సోమర్టన్ బీచ్‌లో, సూటు వేసుకున్న ఒకాయన గోడకి ఆనుకుని చనిపోయి కనిపించాడు. బట్టల మీది లేబుళ్లు లేవు. పర్సు లేదు. కొన్ని నెలల తర్వాత ప్యాంటు లోపలి చిన్న జేబులో చుట్టచుట్టిన కాగితం ముక్క దొరికింది. ఒక పారసీ కవితల పుస్తకం చివర నుంచి చింపిన ముక్క, దాని మీద "ముగిసింది" అనే అర్థం వచ్చే రెండు పారసీ మాటలు. అంతే, గూఢచారి అన్నారు, విషప్రయోగం అన్నారు, రహస్య లిపి అన్నారు. డెబ్భై ఏళ్లు ప్రపంచం నలుమూలలా దాని మీద కథలు అల్లుకున్నారు.

ముడి విప్పింది మాత్రం కథలు కాదు, వెంట్రుకలు. 1949లో పాతిపెట్టే ముందు పోలీసులు ఆయన తల, భుజాలు ప్లాస్టర్‌తో అచ్చు తీయించి ఉంచారు. అచ్చు తీసేటప్పుడు కొన్ని వెంట్రుకలు ప్లాస్టర్‌లో ఇరుక్కుని ఉండిపోయాయి. అడిలైడ్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ డెరెక్ అబ్బాట్ ఈ కేసు వెనక ఏళ్ల తరబడి పడ్డారు. ఆ వెంట్రుకల నుంచి డీఎన్‌ఏ తీయించి, వంశవృక్షాలు గీయడంలో నిపుణురాలు కోలీన్ ఫిట్జ్‌పాట్రిక్‌తో కలిసి 2022 జూలైలో పేరు ప్రకటించారు: కార్ల్ వెబ్, 1905లో మెల్‌బోర్న్‌లో పుట్టిన ఎలక్ట్రికల్ పనివాడు. అడిలైడ్ రైల్వే స్టేషన్‌లో ఆయనదని తేలిన సూట్‌కేసులో బట్టల మీద "కీన్" అనే పేరు ఉండేది, దానికి ఎవరూ అర్థం చెప్పలేకపోయారు. తీరా చూస్తే కీన్ ఆయన బావ ఇంటిపేరు. బహుశా బావ బట్టలు వేసుకుని ఉంటాడు. మన ఇళ్లలో జరగనిదేమీ కాదు. పోలీసులు ఈ పేరుని ఆ రోజు అధికారికంగా ధ్రువీకరించలేదు. వాళ్లు అంతకు ముందే, 2021 మేలో, సమాధి తవ్వించి సొంతంగా పరీక్షలు మొదలుపెట్టి ఉన్నారు.

ఇందులో అబ్బాట్ గారి మీద నాకు గౌరవం పెరిగింది ఒక చోట. ఆ మనిషి ఫలానా కుటుంబానికి చుట్టం అయి ఉంటాడని ఆయన చాలా ఏళ్లు గట్టిగా నమ్మారు. తను తీయించిన డీఎన్‌ఏనే ఆ నమ్మకం తప్పని చెప్పింది. ఆయన ఒప్పుకున్నారు. మనం వెతికే మనిషి మనం అనుకున్న మనిషే కావాలని కోరుకోవడం ఎంత సహజమో, ఎంత ప్రమాదమో మా ఆదివారాల్లో మాకూ తెలిసింది.

ఇంకో విషయం. వెబ్ భార్య 1951లో, భర్త తనని వదిలేసి పోయాడని విడాకులు కోరింది. అప్పటికి ఆయన చనిపోయి దాదాపు మూడేళ్లు. ఒక ఊళ్లో కాగితం మీద ఆయన వదిలేసి పోయిన భర్త, ఇంకో ఊళ్లో కాగితం మీద పేరు లేని శవం. మొదటి కాగితం ఉండాల్సిన చోట వేరే కాగితం పుట్టింది. అందుకే డెబ్భై మూడేళ్లు.

ఇప్పుడు డీఎన్‌ఏ. సినిమాల్లో చూపించినట్టు శవం నుంచి డీఎన్‌ఏ తీసి కంప్యూటర్‌లో పెడితే పేరు రాదు. డీఎన్‌ఏ పోల్చడానికి ఇంకొకరిది కావాలి. కోర్టుల్లో నడిచే మామూలు పరీక్షలో దాదాపు ఇరవై గుర్తులు చూస్తారు. ఇతను ఫలానా వాళ్ల కొడుకా, అన్నా అని తేల్చడానికి అది చాలు, అయితే ఆ ఫలానా వాళ్లు ఎదురుగా ఉండాలి. అమెరికాలో 2018 నుంచి ఊపందుకున్న పద్ధతి వేరు. అందులో లక్షల గుర్తులు చదువుతారు. తల్లిదండ్రులతో మనకి 50 శాతం కలుస్తుంది. మేనమామతో, బాబాయితో 25. వాళ్ల పిల్లలతో పన్నెండున్నర. మన తాతకి తోబుట్టువైనవాళ్ల మనవలతో 3 శాతం చిల్లర. అక్కడ లక్షల మంది సరదాకి తమ డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుని, కొందరు ఆ ఫలితాన్ని జెడ్‌మ్యాచ్ లాంటి వెబ్‌సైట్లలో పెట్టుకుంటారు. అందులో శవానికి 3 శాతం కలిసే చుట్టం దొరికినా చాలు. ఆ చుట్టం ముత్తాత దాకా పైకి ఎక్కి, మళ్లీ కొమ్మ కొమ్మా దిగుతూ, ఈ ఇంట్లో ఒకరి జాడ తెలియడం లేదే అన్న చోట ఆగుతారు. 2017లో మొదలైన డీఎన్‌ఏ డో ప్రాజెక్ట్‌లో వాలంటీర్లు చేసే పని ఇదే. ఫిట్జ్‌పాట్రిక్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు.

మన దగ్గర ఇది నడవకపోవడానికి మొదటి కారణం తెలిసిందే, పోల్చడానికి మనవాళ్ల డీఎన్‌ఏలు ఆ జాబితాల్లో లేవు. రెండోది మన పెళ్లిళ్లు. మేనమామ కూతుర్ని చేసుకున్నవాడి పిల్లలకి ముత్తాతలూ ముత్తవ్వలూ కలిపి ఎనిమిది మంది బదులు ఆరుగురే ఉంటారు. రెండు మూడు తరాలు వరసగా మేనరికాలు జరిగితే, దూరపు చుట్టం లెక్కలో దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. ఏ కొమ్మ ఎక్కడ మొదలైందో తెలియదు. మా ఇంట్లోనే మా తాతయ్యది మేనరికం, మా పెద్దనాన్నది మేనరికం. పెద్దమ్మ ఆయనకి మేనమామ కూతురు.

మూడోది వంశవృక్షాల రికార్డు. అమెరికాలో జనాభా లెక్కల్లోని పేర్లు 72 ఏళ్ల తర్వాత జనం చూడొచ్చు. మన జనాభా లెక్కల్లో పేర్లు ఎప్పటికీ బయటికి రావు. మన వంశాలు ఇంకో చోట ఉన్నాయి. పిచ్చుకుంట్లవాళ్లు ఊరూరా తిరిగి కులగోత్రాలు, తాతముత్తాతల పేర్లు చెప్పి పాడేవాళ్లు. హరిద్వారంలో పండాల బహీల్లో, అంటే అక్కడి పురోహితుల చిట్టా పుస్తకాల్లో, తరాల పేర్లు రాసి ఉంటాయి. ఈ జ్ఞానం ఎవరైనా పోగుచేసి ఒక చోట పెడితే ఎంత మందికి ఉపయోగపడుతుందో అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ప్రభుత్వం వైపు నుంచి ఒక అడుగు పడబోయి ఆగింది. 2019 జూలైలో లోక్‌సభలో పెట్టిన డీఎన్‌ఏ బిల్లులో నేరస్థుల జాబితాతో పాటు, కనిపించకుండా పోయినవాళ్లకి ఒక జాబితా, గుర్తు తెలియని మృతులకి ఒక జాబితా ఉండాలని రాశారు. సరిగ్గా ఆ రెండు కాగితాలే. వ్యక్తిగత గోప్యత మీద, దుర్వినియోగం మీద గట్టి అభ్యంతరాలు వచ్చాయి. 2023 జూలైలో బిల్లు వెనక్కి తీసుకున్నారు. ఆ అభ్యంతరాలు న్యాయమైనవే. అనుమానితుల డీఎన్‌ఏ జీవితాంతం దాచిపెట్టే అధికారం ఎవరికీ ఊరికే ఇవ్వకూడదు. కానీ నా తండ్రి కోసం నా ఉమ్మి శాంపిల్ నేనే ఇస్తానంటున్న కొడుకు విషయం వేరు. ఆ రెండు జాబితాలని మిగతా వాటి నుంచి విడదీసి, చిన్న చట్టంగానైనా తేవాలని నా అభిప్రాయం. ఇవాళ మా అన్నయ్య శాంపిల్ ఇస్తానన్నా, దేశంలో ఉన్న గుర్తు తెలియని శవాలన్నిటితో పోల్చి చూసే చోటు లేదు.

ఎవరు ఇవ్వాలన్నది కూడా చాలామందికి తెలియదు. మామూలుగా భార్య డీఎన్‌ఏ పనికిరాదు. పిల్లలది, తల్లిదండ్రులది, తోబుట్టువులది కావాలి. మా నాన్న పెద్దనాన్నకి సొంత తమ్ముడు కాబట్టి తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమూ, తల్లి నుంచి పిల్లలందరికీ వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ రెండూ ఆయన దగ్గర ఉన్నాయి. పాత ఎముకల్లో చివరిదాకా మిగిలేది ఎక్కువగా ఆ మైటోకాండ్రియా భాగమే. మా నాన్నకి 71 ఏళ్లు.

ఆధార్ ఉంది కదా అంటారు. 2016 ఆధార్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం వేలిముద్రలు, కంటిపాప వివరాలు ఏ కారణంతోనూ ఎవరికీ ఇవ్వకూడదు. 2022లో వచ్చిన నాఫిస్ వేలిముద్రల వ్యవస్థలో ఉండేది ప్రధానంగా కేసుల్లో పట్టుబడినవాళ్లవి. జన్మలో స్టేషన్ గడప తొక్కని మా పెద్దనాన్న లాంటివాళ్లు అందులో ఉండరు. అయినా 1991లో ఇవేవీ లేవు.

డీఎన్‌ఏ ఏం చేయగలదో, ఎక్కడ ఆగిపోతుందో 2023 జూన్ 2న మన బెజవాడ మీదుగా వెళ్లే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ బాలాసోర్ దగ్గర ప్రమాదానికి గురైనప్పుడు అందరం చూశాం. భువనేశ్వర్‌లో దేహాల్ని నెలల తరబడి చల్లటి కంటెయినర్లలో ఉంచారు. వచ్చిన కుటుంబాల శాంపిళ్లతో పోల్చి ఒక్కొక్కటే అప్పగించారు. చివరికి 28 మంది మిగిలిపోయారు. అక్టోబర్‌లో వాళ్లకి అక్కడే దహన సంస్కారాలు చేశారు. ఆ 28 మంది విషయంలో టెక్నాలజీ సిద్ధంగానే ఉంది, పోల్చడానికి కావాల్సిన మనిషే లేడు. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనకి ఆ మాత్రం కూడా లేదు. అధికారిక లెక్కే పది వేలు. ఊళ్లకి ఊళ్లు పోయాక ఇంట్లో వెతికేవాళ్లు ఎవరు మిగులుతారు? గుంతలు తీసి సామూహికంగా పూడ్చారు, కాల్చారు.

ఇక మన ఊళ్ల చిక్కు. బెజవాడ జంక్షన్‌లో అన్ని దిక్కుల రైళ్లూ కలుస్తాయి. ఊరి మధ్యలోంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పారుతున్నాయి. ఆటోనగర్‌లో మెకానిక్కులు, లారీ క్లీనర్లు, హోటళ్లలో పనివాళ్లు, అటు గుంటూరు మిర్చి యార్డులో సీజన్ కూలీలు, అందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లే. ఇలాంటి చోట శవం దొరికితే గుర్తుపట్టే పొరుగువాడు ఉండడు.

దానికి తోడు కృష్ణ నది. ఈనాడు 1989లో జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక చిన్న చిన్న వార్తలు ఎన్నో అచ్చులోకి రావడం మొదలైంది. అది పెద్ద మేలు. కానీ బెజవాడలో శవం దొరికితే వార్త కృష్ణా జిల్లా పేజీలో వస్తుంది. తెనాలి దగ్గర ఇంట్లో చదివేది గుంటూరు జిల్లా పేజీ. మధ్య దూరం ముప్ఫై చిల్లర కిలోమీటర్లు. ఆ వార్త వచ్చినా మావాళ్లు చూసే అవకాశమే లేదు. ఈ సంగతి మా బుర్రకి తట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది. అన్ని రోజులూ గుంటూరు పేజీలే తిరగేశాం. ఒక గ్రంథాలయంలో మెయిన్ పేపర్ బైండింగులు చక్కగా ఉన్నాయి, జిల్లా అనుబంధాలు మాత్రం ఎప్పుడో తూకానికి వెళ్లిపోయాయి. మాకు కావాల్సింది ఆ అనుబంధాలే.

జిల్లాలు మారడం ఇంకో తలనొప్పి. 1970లో గుంటూరు జిల్లా నుంచి కొంత తీసి ఒంగోలు కేంద్రంగా ఇప్పటి ప్రకాశం జిల్లా చేశారు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల విడిపోయాయి, బెజవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. పాత పేపర్లకి పేరున్న వేటపాలెం సారస్వత నికేతనమే చూడండి. 1918లో పుట్టినప్పుడు గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, ఇప్పుడు బాపట్ల. 1965లో మాయమైన చీరాల మనిషి కోసం వెతికేవాళ్లు ముందు ఆ కాగితం ఇప్పుడు ఏ ఆఫీసుకి చెందుతుందో తేల్చుకోవాలి. దానికి తోడు జీఆర్పీ రికార్డు వేరు, సివిల్ పోలీసు రికార్డు వేరు.

అడిగే హక్కు మాత్రం ఉంది. సమాచార హక్కు చట్టం 2005లో 8(3) అని ఒక చిన్న సబ్ సెక్షన్ ఉంది. ఇరవై ఏళ్లు దాటిన సంఘటన సమాచారాన్ని, దేశ భద్రత, చట్టసభల హక్కులు, కేబినెట్ పత్రాలకి సంబంధించిన మూడు మినహాయింపులు తప్ప ఇంకే సాకుతోనూ నిరాకరించకూడదు. దర్యాప్తు సాకు గానీ వ్యక్తిగత సమాచారం అన్న సాకు గానీ చెల్లవు. కానీ ఉన్న కాగితాన్నే ఇవ్వగలరు. గడువు తీరిన రికార్డుల్ని ధ్వంసం చేసే నిబంధనలూ ఉన్నాయి. అందుకే పాత పేపర్ ముక్క అంత విలువైనది. స్టేషన్‌లో కాగితం పోయినా, ఆ ఎస్సై విలేకరికి చెప్పిన నాలుగు లైన్లు ఎక్కడో ఒక బైండింగులో ఉండొచ్చు.

వస్తువులు ఎంత మాట్లాడతాయో చెప్తాను. చొక్కా కాలరు లోపల దర్జీ లేబుల్ ఉంటే ఊరు, షాపు రెండూ తెలిసిపోతాయి. ఒకప్పుడు మన చాకలి మార్కు ఇంకా గట్టి సాక్ష్యం. నల్లజీడి రసంతో బట్ట మూల పెట్టిన చుక్కలు, గీతలు ఎన్ని ఉతుకులకీ పోవు. ఏ గుర్తు ఏ ఇంటిదో ఆ చాకలికి కంఠతా వచ్చు. సోమర్టన్ మనిషి ప్యాంటు మీద కూడా లాండ్రీ నంబర్లు దొరికాయి, ఆ లాండ్రీ ఏదో ఎవరూ పట్టుకోలేకపోయారు. పాత అట్ట రైలు టికెట్ మీద ఎక్కిన స్టేషను, నంబరు ఉండేవి. వీటిలో ఒక్కటి పంచనామాలో వివరంగా రాసి ఉన్నా చాలు.

మేం మా వైపు కాగితం రాయడం మొదలుపెట్టింది పోయిన ఏడాదే. నిజానికి అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని అది. నాన్న చెప్పింది నోటుబుక్‌లో రాసుకుని వెతికాం తప్ప, ఇంట్లో అందర్నీ విడివిడిగా కూర్చోబెట్టి అడగలేదు. పెట్టె అడుగున పెద్దనాన్న ఎస్సెస్సెల్సీ పుస్తకం దొరికింది. అందులో పుట్టుమచ్చల దగ్గర ఎర్ర సిరాతో రాసి ఉంది: ఎడమ మోచేతి కింద మచ్చ, కుడి కనుబొమ మీద గాయపు గుర్తు. మా నోటుబుక్‌లో మచ్చ కుడి చేతికి ఉంది. కనుబొమ గాయం అసలు లేనే లేదు.

తర్వాత పెద్దమ్మ దగ్గర కూర్చున్నాం. ఆవిడకి ఇప్పుడు 73. పన్నెండేళ్లు చూశాక దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయమని పురోహితుడు 2003లో చెప్పారు. చట్టం ఇంకా తొందరపడుతుంది, ఏడేళ్లు కబురు లేకపోతే చనిపోయినట్టు భావించమని పాత సాక్ష్య చట్టం 108వ సెక్షన్‌లో, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్ 111లో ఉంది. పెద్దమ్మ రెండింటికీ ఒప్పుకోలేదు. మెట్టెలు తీయలేదు. ఆవిడని అడిగితే బాధపడుతుందని ఇన్నాళ్లూ ఎవరూ ఆ రోజు గురించి అడగలేదు.

"ఆ రోజు ప్యాంటు వేసుకెళ్లారట కదా పెద్దమ్మా" అన్నాను.

"ఎవర్రా చెప్పింది? పంచె. ప్యాంటు నేను పొద్దున్నే ఉతికి దండెం మీద ఆరేశా. మబ్బుగా ఉండి సాయంత్రం దాకా ఆరలేదు కూడా. చొక్కా గీతలది, తెనాలిలో కుట్టించింది. కాలర్లో దర్జీ గుడ్డముక్క గుచ్చుకుంటోందని గొడవపెడితే దాన్ని సగం కత్తిరించా."

మే నెల కదా అన్నాడు అన్నయ్య. మా ఇంట్లో అందరి నోటా మే అనే ఉంది, రాజీవ్ గాంధీ చనిపోయిన రోజులు అని.

"ఆయన పోయిన నెలకిరా. మీ నాన్న వెళ్లిన రోజు రాత్రి రేడియోలో మన పీవీ ప్రధానమంత్రి అయ్యాడని చెప్పారు. వచ్చాక చెప్దామనుకున్నా."

పీవీ నరసింహారావు ప్రమాణ స్వీకారం చేసింది 1991 జూన్ 21, శుక్రవారం. మేం మూడేళ్లుగా మే నెల పేపర్లలో, ప్యాంటు వేసుకున్న మనిషి కోసం, మచ్చ కుడి చేతికి ఉందనుకుని వెతుకుతున్నాం. పంచె అని ఉన్న వార్తలు ఎన్ని దాటేశామో లెక్క లేదు.

ఇంకో మాట. దొరికిందనిపించిన వార్త పట్టుకుని నేరుగా ఇంట్లోవాళ్లకి చెప్పకూడదు. ఒకసారి అన్నయ్య, మచ్చ సరిపోయిందని సంబరంగా, భయంగా ఒక క్లిప్పింగ్ తెచ్చాడు. ఎత్తు చూస్తే నాలుగు అంగుళాలు తేడా. పెద్దమ్మకి చెప్పి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. సరిపోయిందనిపిస్తే స్టేషన్‌కి రాతపూర్వకంగా ఇవ్వాలి, క్రైమ్ నంబరు అడగాలి, అక్కడి నుంచి ముందుకు వెళ్లాలి. శవాన్ని పూడ్చి ఉంటే, చోటు తెలిస్తే, మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో తవ్వించే వీలు చట్టంలో ఉంది.

పోయిన నెల అన్నయ్య స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇచ్చాడు. రైటర్ రెండుసార్లు చదివి, "ముప్ఫై ఏళ్లు దాటిపోయింది కదండీ" అన్నాడు. తర్వాత కాగితం తీసుకుని, తేదీ దగ్గర 21-06-1991 అని తన చేత్తోనే రాశాడు. కనుబొమ మీద గాయం, గీతల చొక్కా, సగం కత్తిరించిన దర్జీ లేబుల్, అన్నీ రాశాడు. రశీదు జిరాక్స్ తీయించి ఎస్సెస్సెల్సీ పుస్తకంలో పెట్టాం.

ఈ ఆదివారం 1991 జూన్ 22 పేపర్ నుంచి మొదలుపెడుతున్నాం, ఈసారి కృష్ణా జిల్లా పేజీలు.